లిఫ్ట్ చేసిన బండిలో చక్రం ఉండుండి పట్టేస్తుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇసుజు వి-క్రాస్, మహీంద్రా థార్ లాంటి బండికి రెండంగుళాల లిఫ్ట్ కిట్టు (బండి ఎత్తు పెంచే సస్పెన్షన్ సామాను), పెద్ద టైర్లు వేయించుకున్నాక కొందరిది ఒకటే గోడు. బండిని ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఉంటుంది, అదీ రోజూ కాదు, అప్పుడప్పుడు. తీరా షెడ్డుకు తీసుకెళ్తే చక్రం హాయిగా తిరుగుతుంది, మెకానిక్ మన వంక అదోలా చూస్తాడు. అలాంటివాళ్ల కోసమే ఈ ప్రశ్నలూ జవాబులూ.

ఉదాహరణలకు ఈ రెండు బండ్లనే తీసుకున్నాను. వి-క్రాస్ మన శ్రీసిటీలోనే తయారవుతుంది. థార్ అంటే ఇక్కడ 2020లో వచ్చిన మూడు డోర్ల బండి. రెండింటికీ ముందు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ము బ్రేకులు. రెండింటికీ ముందు చక్రాలు విడివిడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్, వెనక రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు, అంటే హౌసింగ్. తేడా అల్లా వెనక స్ప్రింగుల్లో ఉంది: వి-క్రాస్‌కు కమాన్ కట్టలు, థార్‌కు కాయిల్ స్ప్రింగులు. మీది వేరే పికప్ అయినా అమరిక ఇలాంటిదే అయితే ఇక్కడున్నదంతా వర్తిస్తుంది.

చక్రం నిజంగా పట్టేస్తోందా, లేక పెద్ద టైర్లకు బండి మొద్దుబారిందా?

ముందు ఇది తేల్చుకోండి. సగం టెన్షన్ ఇక్కడే తీరిపోవచ్చు.

వి-క్రాస్‌కు కంపెనీ వేసే 255/60 ఆర్18 టైరు ఎత్తు దాదాపు 763 మి.మీ. చాలామంది మోజుపడే 285/70 ఆర్17 ఎత్తు 831 మి.మీ. దాకా ఉంటుంది. అంటే తొమ్మిది శాతం పెద్దది. ఇంజను బలం రోడ్డుకు ఆ మేరకు తగ్గి చేరుతుంది, పైగా టైరు బరువు కూడా ఎక్కువ. స్పీడోమీటర్ 80 చూపిస్తున్నప్పుడు బండి నిజానికి 87 దగ్గర పోతుంటుంది. దాంతో ఎదురుగాలి కూడా మీరు అనుకున్నదానికన్నా ఎక్కువే తగులుతుంది. బ్రేకు విషయమూ అంతే. పెడల్ మీద అదే ఒత్తిడికి రోడ్డు మీద పట్టు ఎనిమిది శాతం దాకా తగ్గుతుంది. తెలియకుండానే కాలు ఇంకాస్త గట్టిగా నొక్కుతాం, బ్రేకులు ఇంకాస్త వేడెక్కుతాయి.

కానీ ఈ బరువుతనం ప్రతిరోజూ, ప్రతి రోడ్డు మీదా ఒకేలా ఉంటుంది. టైర్లు మార్చిన రోజు నుంచి నేటిదాకా ఒకే రకంగా లాగుతుంటే అది బ్రేకు జబ్బు కాదు. ఒక రోజు బాగుండి ఒక రోజు లాగితేనే కింది ప్రశ్నలతో పని.

టైర్లలో గాలి చూశారా? సూర్యలంక ఇసుకలో తిప్పడానికి 18 పీఎస్ఐకి దించి, తిరుగు ప్రయాణంలో నింపించడం మరిచిపోయి, బ్రేకు పట్టేస్తోందని షెడ్డుకు వచ్చే బండ్లు ఉంటాయి.

అనుమానం తీరకపోతే గాలి పెద్దగా లేని రోజు, ట్రాఫిక్ లేని సమతల రోడ్డు మీద 40 వేగంలో న్యూట్రల్ చేసి, బ్రేకు తొక్కకుండా ఎక్కడ ఆగుతుందో చూసుకోండి. బండి బాగున్న రోజున ఒకసారి, లాగుతున్నట్టు అనిపించిన రోజున ఒకసారి, అదే చోట చేయాలి. నిజంగా పట్టేస్తుంటే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఘాట్ దిగేటప్పుడు మాత్రం ఈ ప్రయోగం వద్దు.

ఏ చక్రమో ఎలా కనిపెట్టాలి?

వేడిని బట్టి. దూరం నుంచే ఉష్ణోగ్రత చెప్పే టెంపరేచర్ గన్ ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖరీదేం కాదు. పావుగంట నడిపి, చివర్లో వీలైనంత తక్కువ బ్రేకుతో బండి ఆపి, వెంటనే నాలుగు చక్రాల దగ్గరా చూడండి. డిస్కు మీద, డ్రమ్ము మీద చూడాలి, రిమ్ము మీద కాదు. తళతళలాడే లోహం మీద ఈ గన్ తక్కువ చూపిస్తుంది కాబట్టి ఎడమవైపు ఏ చోట గురిపెట్టారో కుడివైపూ అదే చోట పెట్టండి. ప్యాడ్లు రుద్దని, కాస్త తుప్పు రంగులో ఉండే డిస్కు మధ్యభాగం మేలు.

ముందు చక్రాలు వెనక వాటికన్నా వేడిగా ఉండటం మామూలే. పోల్చాల్సింది ముందు ఎడమను ముందు కుడితో, వెనక ఎడమను వెనక కుడితో. పది పదిహేను డిగ్రీల తేడా పట్టించుకోనక్కర్లేదు. నలభై యాభై డిగ్రీలు తేడా వస్తే దొంగ దొరికినట్టే. రెండువైపులా సమానంగా, మామూలుకన్నా బాగా ఎక్కువ వేడి ఉంటే చక్రం దగ్గర వెతకడం ఆపి పెడల్, మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే బ్రేకాయిల్‌ను చక్రాలకు తోసే సిలిండర్) వైపు చూడాలి. దాని సంగతి కింద ఉంది.

గన్ లేకపోతే అరచేతిని రిమ్ము దగ్గరగా పెట్టి సెగ చూడండి, డిస్కును మాత్రం తాకొద్దు, చర్మం ఊడొస్తుంది. ఒకే రిమ్ముకు నల్లటి బ్రేకు పొడి బాగా పట్టి ఉండటం, ఒకే చక్రం దగ్గర కాలిన వాసన రావడం కూడా సాక్ష్యాలే.

షెడ్డుకు వెళ్లే సరికి బాగైపోతుంది. ఇక దొరికేదెలా?

ఇలాంటి లోపానికి "ఏ చక్రం" కన్నా "ఎప్పుడు" అన్నదే పెద్ద ఆధారం. స్పానర్ పట్టుకునే ముందు ఒక వారం పాటు పట్టేసిన ప్రతిసారీ ఫోనులో నాలుగు ముక్కలు రాసుకోండి: బయల్దేరి ఎంతసేపైంది, అంతకుముందు గట్టిగా బ్రేకు వేశారా, స్టీరింగ్ పూర్తిగా తిప్పారా, వెనక బరువుందా, నీళ్లలోనో బురదలోనో దిగారా, ఎంతసేపటికి వదిలింది. మెకానిక్‌కు మీరు ఇవ్వగలిగిన అసలు సమాచారం ఇదే. "అప్పుడప్పుడు లాగుతోందన్నా" అంటే ఆయనైనా ఏం చేస్తాడు, ఓ రౌండ్ వేసొచ్చి బాగానే ఉందంటాడు.

ఆ రాతలు ఎలా చదవాలంటే: చల్లగా ఉన్నప్పుడు బాగుండి, అరగంట తిరిగాక మొదలై, బండి చల్లారాక దానంతట అదే వదిలేస్తుంటే బ్రేకాయిల్ ఒత్తిడి ఎక్కడో చిక్కుకుంటోంది. గట్టి బ్రేకు వేసిన వెంటనే మొదలై ఒక కిలోమీటరు పోయాక మెల్లగా వదిలితే చక్రానికి బ్రేకాయిల్ తీసుకెళ్లే రబ్బరు హోస్ పైపు మీద అనుమానం పెట్టుకోవాలి. పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి బయటికొచ్చాక మొదలైతే ఇంకా ఎక్కువ అనుమానం పెట్టుకోవాలి. వాన వెలిసిన మర్నాడు పొద్దున మొదటి అడుగులో మాత్రమే పట్టి, "టక్" మని వదిలేస్తే లైనర్లు (డ్రమ్ము లోపల రుద్దే బ్రేకు ముక్కలు) డ్రమ్ముకు తుప్పుతో అంటుకున్నాయి, దానికి కంగారు అక్కర్లేదు. బురదలో తిరిగొచ్చిన రెండు మూడు రోజులకు మొదలైతే పిన్నులు, ప్యాడ్లు, డ్రమ్ములో చేరిన మట్టి చూడాలి. ఖాళీ బండికే వచ్చి లోడు ఉన్నప్పుడు రాకపోతే హ్యాండ్ బ్రేకు కేబుల్. గుంతలో పడుతూ మలుపు తిరిగినప్పుడు ఒక్క క్షణం పట్టి వదిలితే అది బ్రేకే కాదు, టైరు ఎక్కడో రుద్దుకుంటోంది.

జాకీ ఎత్తి చేత్తో తిప్పితే గట్టిగా ఉంది. లోపం అదేనా?

తొందరపడొద్దు. లిఫ్ట్ చేసిన బండి మోసం చేసేది ఇక్కడే.

ఛాసీ కింద జాకీ పెట్టి ఎత్తితే ముందు చక్రం కిందికి పూర్తిగా వేలాడుతుంది. లిఫ్ట్ వల్ల యాక్సిల్ షాఫ్టు ముందే వాలుగా ఉంటుంది. చక్రం వేలాడితే ఆ వాలు ఇంకా పెరిగి, షాఫ్టు చివరనున్న సీవీ జాయింటు బిగుసుకుంటుంది. చక్రం గట్టిగా, ఎగుడుదిగుడుగా తిరుగుతుంది. నేల మీదున్నప్పుడు ఆ బిగువు ఉండదు. లేని జబ్బుకు క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) మార్పించేది ఇలాంటి పరీక్షే.

అందుకని ముందు చక్రాన్ని చూసేటప్పుడు కింది ఆర్మ్ దగ్గర, చక్రానికి వీలైనంత సమీపంలో జాకీ పెట్టి ఎత్తండి. అప్పుడు సస్పెన్షన్ దాదాపు నేల మీదున్న ఎత్తులోనే ఉంటుంది. మిగతా చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్‌లో, ట్రాన్స్‌ఫర్ కేసు టూ హెచ్‌లో (వెనక చక్రాలకే ఇంజను బలం వెళ్లే స్థానంలో) ఉంచి తిప్పాలి. డిస్కు మీద ప్యాడ్డు కాస్త గీరుకున్న చప్పుడు మామూలే. పెద్ద టైరు బరువు వల్ల మొదట కదపడం కష్టంగా ఉంటుంది. కదిలాక రెండు మూడు చుట్లు దానంతట అది తిరగాలి. వెనక చక్రంతో పాటు ప్రొపెల్లర్ షాఫ్టు, డిఫరెన్షియల్ కూడా తిరుగుతాయి కాబట్టి అది ఎప్పుడూ బరువుగానే ఉంటుంది. దాన్ని ముందు చక్రంతో కాక అవతలి వెనక చక్రంతో పోల్చండి.

పట్టేసిన క్షణంలోనే దొరికింది. ఇప్పుడేం చేయాలి?

ఇది బంగారంలాంటి అవకాశం, చల్లారనివ్వకండి. పక్కన అనుభవమున్న మెకానిక్ ఉంటే మంచిది. కళ్లకు అద్దాలు తప్పనిసరి, వేడి బ్రేకాయిల్ చిమ్ముతుంది. సమతలం మీద ఆపి, చక్రాలకు అడ్డాలు పెట్టి, ఇంజను ఆపండి. పట్టేసిన చక్రాన్ని ఎత్తి, నిజంగా బిగుసుకుందని ఖాయం చేసుకున్నాక పెడల్ వైపు నుంచి చక్రం వైపుకు వరసగా రావాలి.

పెడల్‌ను కాలి వేళ్లతో పైకెత్తి చూడండి. చక్రం వదిలితే పెడల్ పూర్తిగా వెనక్కి రావడం లేదన్నమాట. కింద మ్యాట్ అడ్డుపడటం నుంచి బ్రేకు స్విచ్చి తప్పుగా బిగించడం దాకా కారణం ఏదైనా కావచ్చు. కాలు తీసినా బ్రేకు లైట్లు వెలుగుతున్నాయేమో పక్కవాళ్లను చూడమనండి.

తర్వాత మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్‌కు (పెడల్ బలాన్ని పెంచే డబ్బాకు) బిగించిన నట్లు కొద్దిగా వదులు చేసి సిలిండర్‌ను రెండు మూడు మి.మీ. ముందుకు జరపండి. చక్రం వదిలితే లోపం బూస్టర్‌లోనో, లోపలి పుష్ రాడ్ (సిలిండర్ పిస్టన్‌ను నెట్టే కడ్డీ) సర్దుబాటులోనో ఉంది. వదలకపోతే నట్లు మళ్లీ బిగించి చక్రం దగ్గరికి రండి. ఇనుప గొట్టం రబ్బరు హోస్‌ను కలిసే చోట జాయింటు కొద్దిగా విప్పండి. అప్పుడు వదిలితే ఒత్తిడి పైన ఎక్కడో, మాస్టర్ సిలిండర్‌లోనో ఏబీఎస్ యూనిట్‌లోనో నిలిచిపోతోంది. అక్కడ విప్పినా వదలక, క్యాలిపర్ మీదున్న బ్లీడింగ్ నిపుల్ (ఆయిల్‌లోని గాలిని వదిలే చిన్న మూత) విప్పితే కొద్దిగా ఆయిల్ చిమ్మి చక్రం వదిలిందంటే, మధ్యలో ఉన్నది హోస్ పైపు ఒక్కటే, లోపం దానిదే. నిపుల్ విప్పినా వదలకపోతే ఒత్తిడితో సంబంధం లేదు. పిస్టన్ బిగుసుకుంది, లేదా పిన్నులు, ప్యాడ్లు ఇరుక్కున్నాయి.

ఈ వరస పాటిస్తే అనవసరంగా ఒక్క పార్టు కూడా కొనక్కర్లేదు. విప్పిన చోట గాలి దూరుతుంది కాబట్టి మళ్లీ బ్లీడింగ్ చేయించి, పెడల్ గట్టిగా ఉందని చూసుకున్నాకే బండి కదపాలి.

హోస్ పైపు ఒత్తిడిని ఎలా పట్టి ఉంచుతుంది? లిఫ్ట్‌కూ దానికీ ఏం సంబంధం?

హోస్ లోపలి పొర చీలి ఒక రేకలా వేలాడితే అది కవాటంలా పనిచేస్తుంది. కాలితో నొక్కిన బలానికి ఆయిల్ ముందుకు పోతుంది, తిరిగి రావడానికి మాత్రం అంత బలం ఉండదు. పైకి చూస్తే పైపు కొత్తదానిలా ఉంటుంది. అందుకే దీన్ని చూసి కనిపెట్టలేరు. పైన చెప్పినట్టు విప్పి చూడాల్సిందే.

లిఫ్ట్ పాత్ర ఏంటంటే, చక్రానికీ ఛాసీకీ మధ్య దూరం పెరిగినా చాలా చోట్ల పాత పొడవు హోస్‌నే ఉంచేస్తారు. చక్రం గుంతలోకి జారినప్పుడల్లా, స్టీరింగ్ చివరిదాకా తిరిగినప్పుడల్లా అది లాగబడుతుంది, మెలిపడుతుంది. హోస్‌ను పట్టి ఉంచే ఇనుప బ్రాకెట్ దగ్గర తుప్పు ఉబ్బి రబ్బరును నొక్కేయడం ఇంకో రకం, సముద్రతీర ఊళ్లలో తిరిగే పాత బండ్లలో అది కూడా చూడాలి. చక్రాలు రెండూ వేలాడేలా ఎత్తి, స్టీరింగ్ ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పుతూ హోస్ చూడండి. ఎక్కడైనా బిగుతుగా సాగితే లిఫ్ట్‌కు తగిన పొడవు హోస్, లేదా దాని బ్రాకెట్‌ను దించే ముక్క వేయించాలి. ఏబీఎస్ సెన్సర్ వైరు కూడా ఆ పక్కనే పోతుంది, దాన్నీ ఓ చూపు చూడండి.

క్యాలిపర్ మార్చేయమంటున్నారు. మార్చాలా?

నిపుల్ విప్పినా చక్రం వదలకపోతేనే ఆ మాట వినండి. అప్పుడు కూడా ముందు పిన్నులు బయటికి లాగి చూడమనండి.

ఈ బండ్ల క్యాలిపర్ రెండు పిన్నుల మీద అటూ ఇటూ జారాలి. నీళ్లు, మట్టి దూరి గ్రీజు ఎండిపోతే జారదు. లోపలి ప్యాడ్డు ఒక మందం, బయటి ప్యాడ్డు ఒక మందం అరిగాయంటే గుర్తు అదే. పిన్ను శుభ్రం చేసి, బ్రేకుల కోసమే అమ్మే సిలికాన్ గ్రీజు రాసి, చిరిగిన రబ్బరు బూటు మార్చితే చాలాసార్లు పని అయిపోతుంది. బేరింగులకు వాడే మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి, నెల తిరక్కుండా మళ్లీ పట్టేస్తుంది. దీని మీద షెడ్డులో కాస్త మొండిగా ఉండండి, "ఏ గ్రీజైనా ఒకటేలే సార్" అంటారు. కొన్ని క్యాలిపర్లలో పై పిన్ను, కింది పిన్ను వేరువేరుగా ఉంటాయి, తారుమారు చేయొద్దు.

ప్యాడ్ల చెవులు కూర్చునే స్టీలు క్లిప్పుల కింద తుప్పు చేరి గాడి ఇరుకైనా ఇదే కథ. క్లిప్పులు తీసి, కింద వైరు బ్రష్‌తో గీకి మళ్లీ పెడితే ప్యాడ్డు వేలితో నెట్టగానే జరగాలి. సుత్తితో కొట్టి కూర్చోబెడుతుంటే అక్కడే ఆపించండి.

పిస్టన్‌ను వెనక్కి నెడుతుంటే మధ్యలో ఆగుతూ, గీరుకుంటూ పోతే అప్పుడు సీలు కిట్టో, క్యాలిపరో తప్పదు.

వెనక చక్రాలు ఖాళీ బండికే ఎందుకు పట్టేస్తాయి?

హ్యాండ్ బ్రేకు కేబుల్ ఛాసీ నుంచి వెనక హౌసింగ్ దాకా పోతుంది. వెనక ఎత్తు పెంచితే హౌసింగ్ ఛాసీకి దూరంగా దిగుతుంది. చాలా అమరికల్లో కేబుల్ ఆ మేరకు బిగుస్తుంది. లోడు వేస్తే, లేదా వెనక ఇద్దరు కూర్చుంటే హౌసింగ్ దగ్గరికొచ్చి కేబుల్ వదులవుతుంది. స్పీడ్ బ్రేకర్ దాటాక చక్రం వేలాడిన క్షణంలో లైనర్లు డ్రమ్మును తాకి వదులుతుంటాయి. తేల్చుకోవడం తేలిక: బండి కింద కేబుల్ రెండుగా చీలే చోట విప్పేసి ఒక రోజు నడపండి. ఆ రోజు హ్యాండ్ బ్రేకు ఉండదు కాబట్టి చదునైన చోటే పార్కు చేసి, గేరులో ఉంచి, రాయి అడ్డం పెట్టాలి. లాగడం మాయమైతే కారణం దొరికింది.

ఇక్కడ కేబుల్‌ను వదులు చేసి పంపించేస్తారు. అది మందు కాదు. ఖాళీ బండికి సరిపడా వదులు చేస్తే లోడు ఎక్కినప్పుడు హ్యాండ్ బ్రేకు ఆగదు. కేబుల్ బ్రాకెట్‌ను కిందికి మార్చడమో, పొడవు కేబుల్ వేయడమో సరైన దారి.

డ్రమ్ములో మట్టి సంగతి మరవొద్దు. నల్లరేగడి చేలో దిగి వచ్చాక పైపైన కడిగితే సరిపోదు. డ్రమ్ము లోపల చేరిన రేగడి ఎండి రాయవుతుంది, లైనర్లను వెనక్కి రానివ్వదు. అలాంటి ట్రిప్పు తర్వాత డ్రమ్ములు విప్పించి శుభ్రం చేయించాలి. లోపలి ఆటోమేటిక్ అడ్జస్టర్ కదులుతోందో లేదో కూడా అప్పుడే చూడొచ్చు. వీల్ సిలిండర్ రబ్బరు మడతలో తడి కనిపిస్తే అది లీకు.

ముందు రెండు చక్రాలూ కలిసి, కాసేపు తిరిగాక పట్టేస్తున్నాయి. ఎందుకు?

పెడల్ వదిలినప్పుడు మాస్టర్ సిలిండర్ లోపల ఒక సన్నని రంధ్రం తెరుచుకుని, ఆయిల్ వెనక్కి ట్యాంకులోకి పోవాలి. పుష్ రాడ్ పొడవు కాస్త ఎక్కువై పిస్టన్ పూర్తిగా వెనక్కి రాకపోతే ఆ రంధ్రం మూసుకునే ఉంటుంది. బ్రేకులు వేడెక్కి ఆయిల్ వ్యాకోచిస్తుంది, పోయే దారి లేక ప్యాడ్లను నొక్కుతుంది, దాంతో ఇంకా వేడెక్కుతుంది. బండి ఆపి చల్లారితే అంతా మామూలే. ఈ మధ్య బూస్టరో మాస్టర్ సిలిండరో మార్పించి ఉంటే మొదట చూడాల్సింది ఇదే.

రెండో కారణం తప్పు ఆయిల్. బ్రేకాయిల్ ట్యాంకులో పొరపాటున పవర్ స్టీరింగ్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు సీళ్లన్నీ ఉబ్బుతాయి. మూత తీసి, దాని రబ్బరు ఉబ్బి వంకరైందేమో చూడండి. అలా ఉంటే మాస్టర్ సిలిండర్ నుంచి క్యాలిపర్ల దాకా రబ్బరు ఉన్నదల్లా మార్చాలి, కడిగితే పోదు.

లిఫ్ట్ చేశాం కదా, టైరు ఇంకా రుద్దుకోవడమేంటి?

లిఫ్ట్ వల్ల బండి నిలబడే ఎత్తు పెరుగుతుంది. కానీ చక్రం గుంతలో పడి పైకి వచ్చినప్పుడు ఎక్కడిదాకా రాగలదన్నది బంప్ స్టాపు అనే రబ్బరు అడ్డం నిర్ణయిస్తుంది. దాన్ని మార్చకపోతే చక్రం పాత చోటికే వస్తుంది, టైరు మాత్రం ఇప్పుడు పెద్దది. పైన చెప్పిన లెక్కలో టైరు అన్నివైపులా 34 మి.మీ. పెరిగింది, వెడల్పు ఇంకో 30. నిలబడి ఉన్నప్పుడు మడ్‌గార్డులో బోలెడు చోటు కనిపిస్తుంది, మలుపులో ఒకవైపు నొక్కుకుంటే ఆ చోటు ఉండదు. బయటికి తోసుకొచ్చే రిమ్ములు గానీ, చక్రాన్ని బయటికి జరిపే స్పేసర్లు గానీ వేస్తే స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు ఇంకా పెద్ద వలయంలో ఊడ్చుకుంటూ పోతుంది.

లోపలి ప్లాస్టిక్, మడ్‌ఫ్లాపు, తలుపు ముందరి బాడీ మౌంటు, ఛాసీ పక్కభాగం, సస్పెన్షన్ పై ఆర్మ్: వీటి మీద మెరిసే గీతలు ఉన్నాయేమో చూడండి. కనబడకపోతే ఆ చోట్లన్నీ సుద్దతో పూసి ఒక రౌండ్ వేసి రండి. సుద్ద చెరిగిన చోటే టైరు తగులుతోంది. దీనికి బ్రేకులు విప్పడం శుద్ధ దండగ.

మలుపుల్లోనే బిగుసుకున్నట్టు ఉంటే?

ఫోర్ బై ఫోర్ వేసి ఉందేమో చూడండి. నవ్వకండి, నిజంగానే మరిచిపోతారు. ఈ బండ్లలో ఫోర్ హెచ్ (నాలుగు చక్రాలకూ బలం వెళ్లే స్థానం) వేస్తే ముందు, వెనక షాఫ్టులు ఒకే వేగంతో తిరుగుతాయి. పొడి తారురోడ్డు మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి అంతా మెలిపడి, బ్రేకు వేసినట్టు ఆగుతుంది. లీవరో స్విచ్చో టూ హెచ్‌కు మార్చినా కొన్నిసార్లు లోపల వెంటనే విడిపోదు. కాస్త వెనక్కి పోనిచ్చి చూడండి. ముందు, వెనక టైర్ల అరుగుదలలో తేడా ఉన్నా ఫోర్ హెచ్‌లో ఇలాంటి బిగువు వస్తుంది.

మలుపులో "టకటక" చప్పుడు కూడా ఉంటే సీవీ జాయింటు. దాని రబ్బరు బూటు చిరిగి గ్రీజు చిమ్మిందేమో చూడండి.

చుట్టుకోసారి "ష్... ష్..." అంటూ గీరుకుంటోంది.

డిస్కు వంకర తిరుగుతోంది, లేదా దాని వెనకుండే రేకు వంగి తాకుతోంది. రేకును చేత్తో వంచి సరిచేయొచ్చు. రేకుకూ డిస్కుకూ మధ్య చిన్న రాయి ఇరుక్కుంటే చెవులు చిల్లులు పడేలా అరిచి, దానంతట అది పడిపోతుంది. కంకర రోడ్ల మీద తిరిగేవాళ్లకు ఇది అలవాటే. డిస్కు వంకరకు ఒక కారణం వీల్ నట్లను ఎయిర్ గన్‌తో ఇష్టమొచ్చినట్టు బిగించడం. కంపెనీ చెప్పిన టార్కుకు, ఎదురెదురుగా ఉన్న నట్లను జతలుగా, టార్క్ రెంచితో బిగించమనండి.

బేరింగ్ సంగతి?

వెడల్పు టైరు, బయటికి తోసుకొచ్చిన రిమ్ము బేరింగ్ మీద భారాన్ని పెంచుతాయి. వేగంతో పెరిగే గుంయ్ మనే మోత వస్తుంటే, స్టీరింగ్ ఒకవైపు తిప్పగానే అది తగ్గుతుంటే బేరింగే. చక్రం ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపి ఆట ఉందేమో చూడండి. మంచి క్యాలిపర్ మీద తప్పు మోపే ముందు ఇది తప్పక చూడాలి, పోయిన బేరింగ్ కూడా చక్రాన్ని వేడెక్కిస్తుంది.

డ్యాష్‌బోర్డులో ట్రాక్షన్ లైటు మినుకుమంటూ క్షణంపాటు లాగుతుంది. ఇదీ అదేనా?

కాదు, అది ఎలక్ట్రానిక్స్ పని. స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న బండి ఏదో చక్రం జారుతోందనుకుని దాని బ్రేకు తానే వేస్తోంది. ఏబీఎస్ పంపు గిరగిరమన్న చప్పుడు కూడా వినిపిస్తుంది. లిఫ్ట్ తర్వాత సెన్సర్ వైరు లాగబడటం, అలైన్‌మెంట్ తర్వాత స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ను మళ్లీ సున్నా చేయకపోవడం, నాలుగు చక్రాలకూ ఒకే సైజు టైర్లు లేకపోవడం దీనికి దారితీస్తాయి. స్కానర్ పెడితే ఏ చక్రం సెన్సరో తెలిసిపోతుంది.

చక్రం నుంచి పొగ వస్తే?

మారేడుమిల్లి ఘాట్‌లోనో అరకు దారిలోనో దిగుతుండగా ఇలా జరిగితే, వెనకొచ్చేవాళ్లకు కనిపించేలా, ఎండుగడ్డి లేని చోట బండి ఆపండి. హ్యాండ్ బ్రేకు వేయొద్దు, వేడి డ్రమ్ము చల్లారుతూ లైనర్లను బిగించేస్తుంది. గేరులో పెట్టి చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. ఎర్రగా కాగిన డిస్కు మీద నీళ్లు పోస్తే పగలొచ్చు, ఊరికే గంటసేపు వదిలేయండి. మంట కనిపిస్తే మాత్రం మనుషులను దూరంగా పంపి, ఎక్స్‌టింగ్విషర్ ఉంటే అది, లేకపోతే నీళ్లే.

చల్లారాక పెడల్ మెత్తగా అయిపోయినా, లోపలికి దిగిపోతున్నా ఆయిల్ మరిగిందన్నమాట. ఆ బండిని ఒక్క మీటరు కూడా కిందికి నడపకండి, ఫ్లాట్‌బెడ్ పిలిపించండి.

కంపెనీ టైర్లు మళ్లీ వేసి చూస్తే తేలుతుందా?

పాత సెట్టు అమ్మేయకుండా ఉంచుకుంటే ఇది మంచి పరీక్ష. కొన్ని రోజులు పాత చక్రాలతో నడిపితే రుద్దుకోవడం పూర్తిగా పోతుంది, బేరింగ్ మోత కొద్దిగా తగ్గొచ్చు. హోసూ, పిన్నులూ, కేబులూ కారణమైతే ఏ తేడా రాదు. అంటే ఈ పరీక్ష బ్రేకులను నిర్దోషులుగా తేలుస్తుందే తప్ప వాటిలో ఏది దోషో చెప్పదు.

ఈ మార్పులకు చట్టం ఒప్పుకుంటుందా?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు, కంపెనీ మొదట ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. అదే చట్టం సెక్షన్ 182ఎ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. బ్రేకు పట్టేసి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్లు మొదట లిఫ్ట్ కిట్టు వైపే వేలు చూపిస్తారని కూడా తెలిసి ఉండండి.

రిపేరు అయిపోయిందని ఎలా నమ్మాలి?

ఫోనులో రాసుకున్న పరిస్థితినే మళ్లీ కల్పించండి. గట్టి బ్రేకు తర్వాత వచ్చేదైతే ఖాళీ రోడ్డు మీద గట్టి బ్రేకులు వేసి, ఖాళీ బండికి వచ్చేదైతే లోడు దించి నడిపి, ఎడమ కుడి వేడి మళ్లీ కొలవండి. షెడ్డు చుట్టూ ఒక రౌండ్ చాలదు. బాగా కాగిన చక్రం దగ్గర ప్యాడ్లు గాజులా మెరుస్తుంటే రెండువైపులా జతగా మార్చాలి. మరిగిన బ్రేకాయిల్ మొత్తం తీయించి కొత్తది పోయించండి. ఆ చక్రం బేరింగ్ గ్రీజు కరిగి కారిందేమో కూడా చూపించుకోండి. వెయ్యి కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి గన్ పట్టుకుని చూసి, ఎడమ కుడి తేడా మామూలు స్థాయిలోనే ఉంటే ఆ నోట్స్ డిలీట్ చేసేయొచ్చు.